పిడికెడు సన్నబియ్యం

మంచినీళ్ళ కోసమే ఆ మూత తీశానని రాహేలమ్మ తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకోవడానికేం, నోరు తనది, చెవులు తనవి.

ఆ వారం బుధవారం ప్రార్థన కూడిక ముసలి మద్దమ్మ ఇంట్లో పెట్టారు. ఇల్లంటే ఒకటే గది. బేతంచెర్లలో పాలిషు ఫ్యాక్టరీల వాళ్ళు పనికిరావని పారేసిన రాతిపలకలు నిలబెట్టి కట్టిన గోడలు, పైన రేకులు. ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు సగం కూడా కాలేదు, ఎండ అప్పుడే ముదిరింది. స్త్రీల సమాజం వాళ్ళంతా వాకిట్లో చింతకాయల బస్తాల పక్కన పట్ట పరుచుకుని కూర్చున్నారు. పాటలు అయినాయి. పాస్టరు అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. ఆయన ప్రార్థన అందుకోవడమే గానీ దించడం తొందరగా ఉండదు. రాహేలమ్మకు గొంతు తడారిపోయింది. అందరి కళ్ళూ మూసుకుని ఉండగా చప్పుడు చేయకుండా లేచి లోపలికి పోయింది.

మూలన బండమీద రెండు కుండలున్నాయి. పెద్దదాని మీద గ్లాసు బోర్లించి ఉంది. నీళ్ళు అందులోనే ఉంటాయని చంటిపిల్లకైనా తెలుస్తుంది. రాహేలమ్మ చిన్నదాని మూత తీసింది.

లోపల బియ్యం. సన్నబియ్యం.

రాహేలమ్మకు బియ్యం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు గింజలు వేళ్ళ మధ్య నలిపి చూస్తే పాతవా కొత్తవా, ఏ మిల్లువి అన్నది కూడా చెప్పేస్తుంది. ఇవి కర్నూలు సోనా, ఏడాది నిలవ పెట్టిన పాతబియ్యం. తన ఇంట్లో వండేవీ ఇవే. కుండకు సగం దాకా ఉన్నాయి.

మూత మెల్లగా పెట్టి, పెద్దకుండలో నీళ్ళు ముంచుకు తాగి వచ్చి కూర్చుంది. అయ్యగారు ఇంకా ప్రార్థనలోనే ఉన్నారు. ఈ పేద తల్లి అక్కరలన్నీ తీర్చమని, ఈ ఇంట్లో కొరత లేకుండా చూడమని దేవుణ్ణి అడుగుతున్నారు. అందరూ ఆమెన్ అన్నారు. రాహేలమ్మ అనలేదు. పక్కన మద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, ఓహో, ఈ ఏడుపు గూడా ఉందా అనుకుంది.

ఆ సంఘంలో పిడికెడు బియ్యం కట్టడి ఒకటి ఉంది. పొయ్యి ముట్టించిన ప్రతిసారీ, ఎసట్లో పోసే బియ్యం కడిగే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. అది దేవుని పిడికెడు. ఆదివారం దాన్ని సంచిలో కట్టుకుపోయి, కానుకల పాట పాడేటప్పుడు ముందర పెట్టిన ఇత్తడి గంగాళంలో పోస్తారు. ఆరాధన అయినాక ఆడవాళ్ళు దాన్ని చెరిగి, రాళ్ళేరి, దిక్కులేని వాళ్ళకు శేర్లతో కొలిచి పంచుతారు. ఈ కొలత పని రాహేలమ్మది. గంగాళంలో అందరికంటే పెద్ద సంచి కూడా రాహేలమ్మదే. మొగుడు హెన్రీకి రెండు మిషన్ల పాలిషు షెడ్డుంది. పనివాళ్ళతో కలిపి పూటకు పదిమందికి ఆమె ఇంట్లోనే వంట. పొయ్యి ఎన్నిసార్లు ముట్టిస్తే అన్ని పిడికిళ్ళు. ఆమె సంచి విప్పితే పక్కనున్నవాళ్ళు జరిగి దారిచ్చేవాళ్ళు.

శుక్రవారం పొద్దున రాహేలమ్మ వంటకు దిగింది. నీలం డ్రమ్ములోంచి సోనా బియ్యం కొలిచి చేటలో పోసింది. తర్వాత మూలనున్న గోనెసంచి మూతి విప్పి, అందులోంచి పిడికిలి నిండా స్టోరు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేసింది. కార్డు మీద నెలనెలా వచ్చే బియ్యం అవి. వాళ్ళింట్లో ఎవరూ తినరు. దోసెల పిండికి కొన్ని, కోళ్ళకు కొన్ని, దేవునికి కొన్ని పోతాయి. చెయ్యి అలవాటుగా ఈ పని చేస్తూ ఉంటే మనసంతా మద్దమ్మ చిన్నకుండ చుట్టే తిరుగుతోంది. చూస్తే పాపం ముసలిది అనిపించేలా ఉంటుంది, ఇంట్లో మాత్రం సోనా బియ్యం తింటుంది! ఎంత నంగనాచి మనిషమ్మా అనుకుంది.

ఆ సాయంత్రం సమాజం వాళ్ళు అయ్యగారి వరండాలో చేరారు. రాతిగనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక పిల్ల కొత్తగా సంఘానికొచ్చింది. ఇద్దరు పసిబిడ్డలు. ఆమెకూ పెడదామంటే వచ్చే బియ్యం చాలడం లేదు. ఏం చేద్దామని అయ్యగారి భార్య అడిగింది. ఆమెను అందరూ అమ్మగారు అంటారు.

"నేనొక మాట చెప్తా, ఏమనుకోవద్దండి" అంది రాహేలమ్మ. "మద్దమ్మవ్వకు మన బియ్యంతో పనిల్యా. ఆమె ఇంట్లో సన్నబియ్యం ఉండాయి. నా కండ్లతో నేను చూసినా. ఆమె వంతు బియ్యం ఈ పిల్లకిద్దాం."

"సన్నబియ్యమా!" అని ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు.

"కుండలో ఉండాయి. నాకెందుకమ్మా లేనిపోనిది చెప్పను?"

అమ్మగారికి ఆ మాట నచ్చలేదు. "ఒకసారి ఆమెనే అడిగితే బాగుంటుందేమో రాహేలమ్మా."

"అడిగితే ముసలామె చిన్నబుచ్చుకుంటాదమ్మా" అంది రాహేలమ్మ. ఎంత దయగా అందంటే, ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఇంటికి పోతూ ఆమెకు మంచిపని చేసినట్టే ఉంది. రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా.

ఆదివారం మద్దమ్మ ఆలస్యంగా వచ్చింది. మోకాలు వాచి నడవలేక నడిచి వచ్చేసరికి కానుకల పాట అయిపోయింది. గంగాళంలో పోసేవాళ్ళు పోసి కూర్చున్నారు. ఆమె తలుపు దగ్గర చాప కొసన చతికిలబడి వాక్యం వింది. ఆరాధన ముగిసినాక ఆడవాళ్ళు గంగాళం చుట్టూ చేరి చేటలు అందుకున్నారు.

"ఏమక్కా, అన్నీ స్టోరు బియ్యమే ఉండాయే" అంది ఒకామె, తెల్లటి గింజల మధ్య పసుపు గింజలు ఏరుతూ. "ఈ ప్లాస్టిక్కు బియ్యం చూడు, ఉడికి చావవు."

"ప్లాస్టిక్కు కాదంట మే, బలానికి కలుపుతారంట."

"ఏం బలమో, వాళ్ళే తినమను" అని నవ్వుకున్నారు. రాహేలమ్మ కూడా నవ్వింది. ఆ పసుపు గింజల్లో ఎక్కువ భాగం తన సంచివే అన్న ఆలోచన ఆమెకు రాలేదు.

పంచేవేళయింది. రాహేలమ్మ శేరు పట్టుకుని నిలబడింది. ముందు కొత్తగా వచ్చిన పిల్లకు కొలిచింది. చంకలో బిడ్డ నిద్రపోతోంది. ఇంకో బిడ్డ కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. తర్వాత మద్దమ్మ వంతు. ముసలిది ఖాళీ సంచి రెండు చేతులతో తెరిచి పట్టుకుంది.

"ఈ వారం నుంచి నీ వంతు బియ్యం ఆ పిల్లకిస్తాండాము అవ్వా" అంది రాహేలమ్మ, నవ్వుతూనే. "నీకు దేవుడు ఇంకో దారి చూపిస్తాడులే."

మద్దమ్మకు ఆ మాట ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. తెరిచిన సంచి అట్లే ఉంది. తర్వాత ఆ పిల్ల వైపు చూసింది, కుచ్చిళ్ళు పట్టుకున్న బిడ్డ వైపు చూసింది. "ఇయ్యండమ్మా. బిడ్డల తల్లి" అంది. సంచిని నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది. ఎందుకని అడగలేదు. ఎవరి మొహమూ చూడకుండా తలుపు దాకా పోయింది.

అక్కడ ఆగింది. "అయ్యో, నా మతి మండ" అనుకుంటూ మళ్ళీ వెనక్కి వచ్చింది. "నాది పొయ్యనే లేదు గదమ్మా."

కొంగు చివరన ఏదో మూటగట్టి ఉంది. ముడి బిగుసుకుపోయి వేళ్ళకు రాలేదు. పంటితో పట్టి విప్పింది. చెరిగి పెట్టిన బియ్యం కుప్ప మీద కొంగు వంచింది. సన్నబియ్యం జారి పడ్డాయి. పాట అప్పుడు పోస్తే గంగాళంలో కలిసిపోయేవి, ఇప్పుడు లావు గింజల మీద ఆ సన్నగింజలు వేరుగా, తెల్లగా కనిపించాయి. కుప్ప మీద ఒకచోటే, పిడికిళ్ళు కొన్ని.

"ఇదేంది అవ్వా, సన్నబియ్యం పోస్తాండావు?" అంది చేట పట్టుకున్నామె.

"దేవునిది గదమ్మా" అంది మద్దమ్మ. కొంగు దులుపుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రాహేలమ్మ చేతిలో శేరు అట్లే ఉండిపోయింది. కర్నూలు సోనా, పాతబియ్యం. నలిపి చూడనక్కర్లేదు. అమ్మగారు ఒక్కసారి తలెత్తి రాహేలమ్మను చూసి మళ్ళీ దించేసుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. శుక్రవారం వరండాలో ఉన్న ఆడవాళ్ళందరూ ఎవరి చేటలోకి వాళ్ళు చూసుకున్నారు. వెనకనున్న ముసలామె సంచి తెరిచి, "నాకు పొయ్యమ్మా, ఎండెక్కుతాంది" అనేదాకా రాహేలమ్మ కదలలేదు.

మధ్యాహ్నం ఇంట్లో మాంసం కూర వండారు. హెన్రీ లుంగీ ఎగ్గట్టి, పీట మీద కూర్చుని కలుపుకు తింటున్నాడు. మనిషి మంచివాడే, కడుపు నిండితే లోకమంతా బాగున్నట్టే ఆయనకు. రాహేలమ్మ కంచంలో అన్నం వేళ్ళతో కదుపుతూ కూర్చుంది.

"ఏమ్మే, తినకుండా మెతుకులు ఏరుతాండావే?"

"తలనొప్పిగా ఉండాది."

ఆ తలనొప్పి సోమవారం కూడా తగ్గలేదు. వంటింట్లోకి పోయినప్పుడల్లా ఒకపక్క నీలం డ్రమ్ము, ఒకపక్క గోనెసంచి కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళు అవి అక్కడే ఉన్నాయి, ఎప్పుడూ ఆమె వైపు చూసినట్టు అనిపించలేదు. ఈ పని ఊర్లో ఎవరు మాత్రం చేయడం లేదు అని మనసుకు సర్దిచెప్పుకోబోయింది. ఎవరు చేస్తే ఏమి? ఆ చిన్నకుండ దేవునికి దాచిపెట్టినదన్నమాట. కూలికి పోయే ముసలిది స్టోరు బియ్యం తాను తిని, సన్నబియ్యం దేవునికి పెడుతోంది. తాను సన్నబియ్యం తిని, కోళ్ళకు వేసే సంచిలోంచి దేవునికి తీస్తోంది. పైగా ఆ ముసలిదాని పేరు నలుగురిలో చెడగొట్టింది. సిగ్గుతో రాహేలమ్మ ఒంటరిగా ఉన్నా పైట సర్దుకుంది.

చివరికి మొగుడితో సగం చెప్పింది. "మద్దమ్మవ్వకు బియ్యం ఆపితిమి. తప్పు జరిగినాదయ్యా."

"జరిగితే ఏమాయ? ఒక పాకెట్టు సోనా బియ్యం ఆటోలో ఏసి పంపు. దానికింత ఏడుపెందుకు?"

ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. ఇంత సులువైన దారి ఉండగా రెండు దినాలు ఊరికే కుమిలిపోయానే అనుకుంది. మంగళవారం పది కిలోల పాకెట్టు ఆటోలో పెట్టించుకుని తానే బయలుదేరింది. దారి పొడుగునా లారీలు లేపిన తెల్లదుమ్ము. మద్దమ్మ వీధి ఇరుకు, ఆటో లోపలికి పోలేదు. వీధి మొదట్లోనే ఈరక్క అంగడి. రాహేలమ్మ మూట అరుగు మీద దింపించింది.

"ఎవరికమ్మా సోనా బియ్యం?" అంది ఈరక్క, తక్కెట్లో శనక్కాయలు తూస్తూ.

"మద్దమ్మవ్వకు."

"ఆమెకా!" ఈరక్క నవ్వింది. "తినడానికైతే దండగ. ముసల్ది సన్నబియ్యం ముట్టదు. చింతపండు కొట్టిన దుడ్లు చేతికి రావడం ఆలస్యం, నా దగ్గరకొచ్చి ఇంత సోనా బియ్యం కొంటాది. మళ్ళా పాతవే కావల్ల, మంచివే కావల్ల, గింజ విరిగింటే నాతో పోట్లాట! ఒకనాడు అన్న్యా, ఏమే ముసల్దానా, నువ్వేమో స్టోరు బియ్యం ఉడకేసుకుంటావు, మీ దేవునికి సన్నబియ్యం కావాల్నా అని. నువ్వు మీ సామికి కుళ్ళిన టెంకాయ కొడతావామే అనె. నా నోరు మూతబడిపోయినాది పో."

ఈరక్క మళ్ళీ నవ్వింది. రాహేలమ్మకు నవ్వు రాలేదు. మూట చంకనెత్తుకుని నడిచింది.

మద్దమ్మ వాకిట్లో చింతపండు కొడుతోంది. ముందర ఒక రాయి, చేతిలో కొయ్య సుత్తి. పెంకు తీసిన కాయను రాతి మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తుంది. గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు. వేళ్ళ చివర్లు పులుపుకు తెల్లగా పాలిపోయి, పగిలి ఉన్నాయి. రాహేలమ్మను చూసి లేవబోయింది.

"కూచోవ్వా, కూచో" అంది రాహేలమ్మ. మూట దింపి, ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది.

మద్దమ్మ మళ్ళీ సుత్తి అందుకుంది. మాట ఎక్కడ మొదలుపెట్టాలో రాహేలమ్మకు తెలియలేదు. చివరికి మద్దమ్మే అంది, తల ఎత్తకుండా.

"నాకు తెలుసులేమ్మా ఎందుకు ఆపినారో. తప్పు నాదే."

"నీదేం తప్పవ్వా?"

"మొన్న జొరమొచ్చి పడుకుంటి. పొయ్యి ముట్టియ్యలా. పొయ్యే ముట్టియ్యకపోతే పిడికెడు యాడ తీస్తా? ఆ ఆదివారం మూటలో తక్కువ ఉండె. ఎవరు చూస్తార్లే అని పోసేస్తి. మీరు కనిపెట్టినారు. దేవుని పాలు ఎగ్గొట్టినదానికి ఇంగ మీరెట్ల ఇస్తారు? సిగ్గుతో అడగలా నేను."

రాహేలమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. ఈ ముసలిది తిడుతుందేమోనని భయపడుతూ వచ్చింది. ఈమే సిగ్గుపడుతూ కూర్చుంటుందని ఊహించలేదు. ఊరుకుంటే సరిపోయేది. మూట చేతికిచ్చి, పోనీలే అవ్వా, దేవుడు క్షమిస్తాడు అంటే, ఈ ముసలిది చేతులెత్తి దండం పెట్టేది కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు రాహేలమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అది కాదవ్వా" అంది. "నేను నీ కుండ మూత తీసి చూసినా."

సుత్తి ఆగింది. "యా కుండ?"

"చిన్నకుండ. కూడిక నాడు."

"నీళ్ళకని పోయింటివి గదా."

"నీళ్ళకే. కానీ గ్లాసు పెద్దకుండ మీద ఉండె. నాకు కనపడె. తెలిసే చిన్నదాని మూత తీసినా. సన్నబియ్యం చూసి, నీకు కలిగింది, మా దగ్గర పేదదాని మాదిరి నటిస్తాండావు అనుకున్యా. శుక్రవారం అందర్లో అట్లే చెప్పినా."

మద్దమ్మ చాలాసేపు ఆమెను చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది రాహేలమ్మ. ఏడవలేదు.

"మూత తీసినదానివి, ఇదేందవ్వా అని ఒక్క మాట అడిగింటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతుండెనా?"

"అడగాల్సింది."

"అడగకుండా నన్ను దొంగదాన్ని చేసినావు. నా ఇంట్లో నీళ్ళు తాగి!" సుత్తి పక్కన పడేసింది. "అందుకేనా ఆదివారం ఒక్కరు గూడా నా మొహం చూడకపాయ. నేనేమో జొరమొచ్చిన పాపానికి అనుకుని, మూడు దినాలుగా దేవుణ్ణి బతిమాలుకుంటాండా."

రాహేలమ్మ మూటను కొంచెం ముందుకు జరిపింది. "ఇది నీకు తెచ్చినా అవ్వా. కాదనద్దు."

"తీస్కపో."

"అవ్వా..."

"తీస్కపో అంటాండా గదా. సంఘం ఇస్తే తీసుకున్యా. ఎందుకు? అది అందరూ పెట్టేది. దాంట్లో నాదీ ఒక పిడికెడు ఉండాది. అందుకే తలెత్తుకుని సంచి పట్టినా. ఇది నువ్వు ఇచ్చేది. నీ చేత నేను ఎందుకు తీసుకోవల్ల?" మద్దమ్మ సుత్తి మళ్ళీ అందుకుంది. "యాడ నా పరువు తీసినావో ఆడ చెప్పు. గంగాళం కాడ, అందరూ ఉండంగా."

సుత్తి దెబ్బలు మళ్ళీ మొదలయినాయి. ఇంతకు ముందుకంటే గట్టిగా పడుతున్నాయి. రాహేలమ్మ మూట ఎత్తుకుని వెనక్కి నడిచింది. ఈరక్క అంగడి ముందు తల వంచుకుని దాటిపోయింది.

మర్నాడు పొద్దున గోనెసంచి జోలికి పోలేదు. నీలం డ్రమ్ములోంచే దేవుని పిడికెడు తీసింది. డబ్బాలో పడ్డ చప్పుడు సన్నగా ఉంది. మధ్యాహ్నం తీసింది, రాత్రి తీసింది. గురువారం, శుక్రవారం అట్లే చేసింది. శనివారం పొద్దున డబ్బా ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంది. పొయ్యి ముట్టించిన ఏ పూటా ఆమె మానలేదు. మరి ఎందుకు తక్కువయింది?

తన చెయ్యి చూసుకుంది. డ్రమ్ములో చెయ్యి పెట్టి, రోజూ తీసినట్టే పిడికెడు తీసింది. అరచేతిలో చూస్తే పిడికెడు కాదు, అందులో సగం. స్టోరు బియ్యం తీసేటప్పుడు వేళ్ళు విచ్చుకుని సంచిలోకి దిగేవి, గింజలు పైనుంచి పొర్లేవి. సోనా బియ్యం దగ్గరికొచ్చేసరికి ఆ వేళ్ళే ముడుచుకున్నాయి. ఆమె చెప్పకుండానే ముడుచుకున్నాయి. మద్దమ్మ వాకిట్లో పడిన సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఛీ, నా చెయ్యేనా ఇది అనుకుంది. ఎంత మాట విన్నా, ఎంత కుమిలినా ఈ చెయ్యి మాత్రం మారలేదు.

పది కిలోల మూట ఇంకా గడప పక్కనే ఉంది. అది తీసుకుపోయి పోస్తే గంగాళం నిండుతుంది. చూసినవాళ్ళు మళ్ళీ జరిగి దారిస్తారు. కాసేపు ఆ మూట వైపు చూస్తూ నిలబడింది. సాయంత్రం దాన్ని అయ్యగారి ఇంటి వెనక తలుపు దగ్గరకు మోసుకుపోయింది.

"ఆ బిడ్డల తల్లికియ్యండమ్మా. ఎవరిచ్చినారో చెప్పద్దండి."

అమ్మగారు మూట వైపు, ఆమె మొహం వైపు చూసింది. ఏమీ అడగకుండా తీసుకుంది.

ఆదివారం కానుకల పాటకు రాహేలమ్మ లేచింది. ఆమె సంచి చూసి పక్కనున్నామె అలవాటుగా జరగబోయి, జరగాల్సిన అవసరం లేక ఆగిపోయింది. గంగాళంలో సంచి వంపితే చప్పుడే రాలేదు. ఈ వారం ఆమెదే అందరికంటే చిన్నది.

ఆరాధన అయినాక ఆడవాళ్ళు చేటలు తీసుకున్నారు. మద్దమ్మ పోయిన వారంలాగే తలుపు దగ్గర కూర్చుంది. చేతిలో సంచి లేదు. కొంగులోని మూట మాత్రం పాట అప్పుడే గంగాళంలో పోసి వచ్చింది. రాహేలమ్మ శేరు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టింది.

"ఒక మాట చెప్పల్ల" అంది. "ఆ శుక్రవారం అయ్యగారి వరండాలో నేను చెప్పింది అబద్ధం. మద్దమ్మవ్వ ఇంట్లో సన్నబియ్యం చూసినా, నిజమే. అవి ఆమె తినేవి కాదు, దేవునికి పెట్టేవి. కూలి దుడ్లతో కొని పెడతాంది. నేను అడగకుండా మాట పుట్టించి ఆమె కూడు తీసినా."

చేటల చప్పుడు ఆగిపోయింది.

"ఇంగొకటి. మా ఇంట్లో మేం తినేది సోనా బియ్యం. ఇన్నాళ్ళు నేను ఈడ పోసినవి, మేం తినకుండా కోళ్ళకేసే స్టోరు బియ్యం. ఈ వారమే సోనా తెచ్చినా."

చేట పట్టుకున్నామె మొహం ఎర్రబడింది. "నేను గూడా స్టోరు బియ్యమే పోస్తాండా. అయితే ఏమంటావు? మా ఇంట్లో ఉండేవి అవే."

జవాబు తలుపు దగ్గర్నుంచి వచ్చింది.

"నిన్నెవరేమన్న్యారే? నువ్వు తినేదాంట్లో నుంచి తీస్తాండావు. దానికేం వచ్చె?" అంటూ మద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. కుంటుకుంటూ వచ్చి గంగాళంలోకి వంగి చూసింది. "ఏదీ, నీ సన్నబియ్యం యాడ?"

రాహేలమ్మ ఒక పక్కగా ఉన్న కొన్ని గింజలు చూపించింది.

"ఇంతేనా?"

"ఇంతే అవ్వా. సోనా బియ్యం అనేసరికి నా చెయ్యి రాలేదు."

అందరి ముందర ఆ మాట ఎట్లా చెప్పగలిగిందో ఆమెకే తెలియదు. చెప్పినాక తల దించుకుంది. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అమ్మగారు నవ్వలేదు. మద్దమ్మ మాత్రం ఆ గింజల వైపు, రాహేలమ్మ చేతి వైపు చూసి, తల పంకించింది.

"నాదీ మొదట్లో రాలేదులే" అంది. కోపం పూర్తిగా పోయిన గొంతు కాదది. "శానా దినాలు పట్టె. జరుగు, ఆ చేట ఇట్లియ్యి." గంగాళం పక్కన చోటు చేసుకుని కూర్చుంది. "నా సంచి ఇంటికాడ పెట్టొచ్చినా. ఇయ్యాల నా వంతు బియ్యం కొంగులోనే పొయ్యి."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాళ్ళు ఏరారు. ఆ రోజు శేరు అమ్మగారు పట్టుకుంది. రాహేలమ్మను ఎవరూ కొలవమనలేదు, ఆమె అడగలేదు కూడా.

సోమవారం పొద్దున పొయ్యి ముట్టించింది. హెన్రీ షెడ్డుకు పోయే తొందరలో ఉన్నాడు, పనివాళ్ళు వాకిట్లో మాట్లాడుకుంటున్నారు. రాహేలమ్మ నీలం డ్రమ్ము మూత తీసి, వంటకు కొలిచి, తర్వాత దేవుని పిడికెడు తీసింది. డబ్బా మీద చెయ్యి పెట్టి ఆగింది. పిడికిలి విప్పి చూసుకుంది. పోయిన వారం కంటే నయమే. నిండా ఉన్నట్టే కనిపిస్తోంది.

ఇంకా కొంచెం పట్టేదే. ఆమెకు తెలుసు. ఎవరు చూస్తారు, రేపటి నుంచి సరిగ్గా తీస్తే పోలా అనుకుంది.

"ఏమ్మే, ఎసరు మరిగిపోతాంది, ఏం చేస్తాండావు?" అని హెన్రీ కేకేశాడు.

"వస్తాండా, ఉండు" అంది రాహేలమ్మ. చేతిలోవి డబ్బాలో వేసి, మళ్ళీ డ్రమ్ములో చెయ్యి పెట్టింది.